తొంభై ఆరు

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. బందరు వైపు నుంచి పలచటి మబ్బులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, ఊరి మీదుగా పోతున్నాయి, ఒక్కటీ ఆగడం లేదు. రోడ్డు పక్కన పోసిన ధాన్యం మీద బరకాలు మంచుకి తడిసి బరువెక్కాయి. ఛాయాదేవి ఒక కొస, అత్తగారు రావమ్మ ఒక కొస పట్టుకుని, నీళ్ళు గింజల్లోకి జారకుండా బరకాన్ని మెల్లగా వెనక్కి మడుస్తున్నారు. మామగారు వెంకటసుబ్బారావు అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చుని పైకి చూస్తున్నాడు. కోతల రోజుల్లో ఆ ఇంట మగవాళ్ళు ఆకాశాన్ని చూస్తారు, ఆడవాళ్ళు బరకాలు లాగుతారు. ఎవరూ పంచకుండానే పనులు అలా పంచబడ్డాయి.

"జనవరి నుంచి హాస్టల్లో సీటు మాట్లాడేశా," అన్నాడు కిరీటి, బైకు స్టార్టు చేస్తూ. ఛాయ భర్త ముఖ్యమైన మాటలన్నీ బైకు మీద కూర్చునే అంటాడు, జవాబు వినపడకుండా.

"ఎవరికి?" అంది ఛాయ, తెలిసీ.

"ఇంకెవరికి, అక్షయకి. విజయవాడలో. వాళ్ళయితే పొద్దున్నే లేపి రుద్దుతారు. ఇక్కడ నీ దగ్గరుంటే నీలాగే తయారవుద్ది."

బైకు పామర్రు రోడ్డెక్కింది. కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్న అక్షయ బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. మూడో తరగతి. ఇంతవరకూ అమ్మ పక్కన తప్ప పడుకున్నది లేదు.

ఇదంతా ఒక అంకె తెచ్చిన తంటా.

దసరా సెలవుల తర్వాత పిల్ల చదివే ప్రైవేటు స్కూలుకి ఏదో కంపెనీ వాళ్ళు వచ్చారు. పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టి, చేతికో ట్యాబు ఇచ్చి, ఒక్క పూటలో ఐక్యూ పరీక్ష పెట్టి వెళ్ళారు. కొన్నాళ్ళకి బంగారు అంచు సర్టిఫికెట్టు వచ్చింది. దాని నడుమ పెద్దగా 96. మామగారికి అంకె కనపడితే అది మార్కే. ఆయన్ని అని ఏం లాభం, ఈ ప్రాంతంలో ఎవరికైనా అంతే. టీవీలో, గోడల మీద, బస్సుల వెనక, ఎక్కడ చూసినా పిల్లల మొహాలు, మొహాల కింద అంకెలు. పిల్లల్ని అలా చూడటం అందరికీ అలవాటైపోయింది. "నూటికి తొంభై ఆరు! తెలివికే మార్కులేస్తే తొంభై ఆరొచ్చాయిరా!" అని ఆయన అరుగు మీంచి కేక పెడితే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు, ఎవరికేమైందోనని. ఆ పూటే బందరు లడ్డూలు వచ్చాయి. "అచ్చం మా నాయన పోలిక. ఆయన నోటితోనే వడ్డీలు కట్టేవాడు," అని లడ్డూ లడ్డూకీ చెప్పాడు. ఇచ్చిన ప్రతి లడ్డూ వెనకా ఛాయ మంచినీళ్ళ గ్లాసు పట్టుకెళ్ళింది.

రెండు రోజులకి పామర్రు సెంటర్లో, కిరీటి పురుగుమందుల షాపు ఎదురుగా, ఫ్లెక్సీ లేచింది. 'ఐక్యూలో 96 మార్కులు సాధించిన చిరంజీవి అక్షయకు శుభాభినందనలు'. నడుమ అక్షయ. పైన తాతయ్య, నాన్న. కింద వరుసగా మేనత్త భర్త, పెదతాత, షాపులో కుర్రాళ్ళు, మిత్రబృందం, ఆ మిత్రబృందంలో అక్షయ ఎప్పుడూ చూడని ముగ్గురు నల్లకళ్ళద్దాల వాళ్ళు. ఛాయ బస్సు దిగి, తలెత్తి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మొత్తం వెతికింది. తన బొమ్మ లేదు. పేరూ లేదు. చోటు చాల్లేదేమో అనుకుంది. నిజంగానే అనుకుంది, ఎగతాళికి కాదు. ఆ ఇంట్లో చాలా వాటికి ఆమె వెతుక్కునే మొదటి కారణం అదే.

ఆదివారం ఆడపడుచు ఉషశ్రీ, భర్తతో వచ్చింది. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇంజినీరు. సెంటర్లో కారాపి ఫ్లెక్సీ చదివి, ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"మావయ్యగారూ, ఐక్యూలో నూరంటే ఫుల్ మార్కులు కాదండీ. నూరంటే యావరేజి. తొంభై ఆరంటే యావరేజి కన్నా నాలుగు తక్కువ. మా పిల్లకి తెలివి తక్కువోచ్ అని సెంటర్లో ఫ్లెక్సీ కట్టించారు మీరు!"

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దిగింది. పారేస్తే దండగని, బొమ్మ లోపలికి వచ్చేట్టు తిప్పి గడ్డివామి మీద కప్పారు. ఇక మొదలయింది. "మా వంశంలో ఎవరికీ లేదే ఇది," అన్నాడు మామగారు. "మీ అన్నయ్య ఇంటరు మూడుసార్లు రాశాడుగా," అన్నాడు కిరీటి ఛాయతో. "వదినా, కడుపుతో ఉన్నప్పుడు నువ్వు టీవీ తెగ చూసేదానివి," అంది ఉషశ్రీ, నెమ్మదిగా, ప్రేమగానే. ఫ్లెక్సీలో దొరకని చోటు ఛాయకి అప్పుడు దొరికింది, సరిగ్గా నడుమ.

ఆమెకి గిన్నెలు తోముతూ ఒకటే ఆలోచన. అంకె అదే. పిల్ల అదే. పోయిన ఆదివారం ఏ జడలు వేసిందో ఈ ఆదివారమూ అవే జడలు. లడ్డూ పెట్టిన చేతులే ఇవాళ పిల్ల తల మీదికి రావడం లేదు. మొన్నటిదాకా 'చెప్పమ్మా, రెండు పదమూళ్ళెంత' అని ఎత్తుకున్న తాత, ఇప్పుడు పిల్ల దగ్గరికొస్తే 'వెళ్ళి ఆడుకో' అంటున్నాడు. మధ్యలో మారిందేమిటి? ఎవరికీ ఆ అంకె అర్థం తెలీదు. ముందూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. తెలియని దానికే సంబరపడ్డారు, తెలియని దానికే సిగ్గుపడుతున్నారు. తనకి తెలుసా? తనకీ తెలీదు. పన్నెండేళ్ళ క్రితం డిగ్రీ మొదటి సంవత్సరం మధ్యలో పెళ్ళి చేస్తే పుస్తకం ఎక్కడ మూసిందో అక్కడే ఉంది. కానీ తెలుసుకోకూడదని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ నోరు తెరిచి అనలేదు.

స్కూల్లో తెలుగు చెప్పే తెరేసమ్మ టీచరు విజయవాడలో ఒక సైకాలజిస్టు పేరు చెప్పింది. "మా అక్క మనవడికి మాటలు రాకపోతే ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాం. ఉన్నదున్నట్టు చెప్పిద్ది, భయపెట్టదు." ఈ రోజుకే అపాయింట్‌మెంటు. హాస్టలు సంగతి ఇంత తొందరగా ముడిపడుతుందని ఛాయ అనుకోలేదు. బరకం మడిచి, చేతులు కడుక్కుని, అత్తగారితో చెప్పేసింది.

"అత్తయ్యా, నేనూ అక్షయా విజయవాడ వెళ్తున్నాం. ఆ అంకె సంగతి కనుక్కోవాలి."

రావమ్మ కోడలి వైపు తిరిగింది. "మధ్యాహ్నం షాపో?"

రోజూ కిరీటి భోంచేసి నిద్రపోయేటప్పుడు సాయంత్రం దాకా షాపు చూసేది ఛాయే. ఆ పనిని అతను 'కాసేపు కూర్చోవడం' అంటాడు. ఆమె కూర్చున్నంతసేపూ వచ్చిన రైతల్లా 'కిరీటి లేడా అమ్మా' అనే అడుగుతాడు.

"ఇవాళ కూర్చోను."

"పిల్లకి పన్ను నొప్పని చెబుతాలే," అంది రావమ్మ. "పో. పొద్దెక్కితే బస్సులో సీటుండదు."

* * *

మొగల్రాజపురంలో మందుల షాపు పైన చిన్న మేడ. సైకాలజిస్టు సనోబర్ గారిది ఛాయ వయసే. తలమీద లేత ఆకుపచ్చ చున్నీ, మోచేతి మీద ఏ పిల్లో పిల్లాడో గీసిన స్కెచ్ పెన్ను గీత. సర్టిఫికెట్టు తీసుకుని తాపీగా చదివింది.

"దీని గురించి మీకేం చెప్పారు?"

"ముందు నూటికి తొంభై ఆరన్నారండి. తర్వాత యావరేజి కన్నా నాలుగు తక్కువన్నారు."

సనోబర్ నవ్వలేదు. "రెండోది సగం నిజం. సగం నిజాలతోనే నాకు సగం పని." తెల్లకాగితం తీసి అడ్డంగా ఒక గీత గీసింది. "ఒకే వయసు పిల్లలు, బోలెడుమందికి, ఈ పరీక్ష పెడతారు. ఎవరెక్కడ నిలబడ్డారో చూస్తారు. నడుమ ఎక్కడుందో ఆ చోటుకి నూరు అని పేరు పెట్టుకున్నారంతే. నూరు అనేది మార్కు కాదు, గుర్తు. వేరే ఏ పేరైనా పెట్టి ఉండొచ్చు. పదిమంది పిల్లల్లో దాదాపు ఏడుగురు ఎనభై అయిదుకీ నూట పదిహేనుకీ మధ్యే ఉంటారు. ఇలాగ." గీత మీద ఒక గుట్టలాంటి వంపు గీసింది.

"ధాన్యం పోసినట్టుంది," అంది ఛాయ. అని, నాలిక కరుచుకుంది.

"ఎలాగండీ?"

"బస్తా ఎత్తి ఒకచోట వంపితే కుప్ప ఇలాగే పడిద్ది. నడుమ ఎత్తుగా, అటూ ఇటూ పోనుపోను పలచన. చివర్న నాలుగు గింజలు."

సనోబర్ పెన్ను ఆపి కుర్చీలో వెనక్కి వాలింది. "నేను ఇన్నాళ్ళూ బెల్ కర్వ్, గంట బొమ్మ అని చెబుతున్నా, ఎవరికీ ఎక్కట్లేదు. ఇక నుంచి ధాన్యం కుప్పే. మరి చెప్పండి, మీ అమ్మాయి ఎక్కడుంది ఇందులో? మీరే పెట్టండి వేలు."

ఛాయ వేలు పెట్టింది. నూరు దగ్గర, కాస్త ఇవతల. గోరంత ఇవతల. వేలు తీయకుండానే కుప్పని చూసింది. తన వేలి కిందే గింజలన్నీ చిక్కగా ఉన్నాయి. ఇంతేనా? లోకమంతా ఉన్న చోట ఉందా తన పిల్ల? ఛాయ గుండె దడదడమంటోంది, భయంతో కాదు. ఎప్పుడో ఇంటర్లో లెక్కల మాస్టారు బోర్డు మీద చివరి మెట్టు రాయకముందే జవాబు కనపడితే ఇలాగే ఉండేది. ఒంట్లో ఏదో లేచి నిలబడేది. ఆ సంగతే మర్చిపోయింది.

"అయితే ఈ నాలుగు తక్కువ..."

"నాలుగు లెక్కలోకి రాదు. రేపు ఇదే పరీక్ష మళ్ళీ పెడితే నూట రెండు రావొచ్చు. తొంభై ఒకటీ రావొచ్చు. నిద్ర చాల్లేదనుకోండి, ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాలేదనుకోండి, పక్క పిల్ల ఏడ్చిందనుకోండి. అందుకే తెలిసినవాళ్ళు ఒక్క అంకె చెప్పరు. ఇంత నుంచి ఇంత దాకా అంటారు. అదీ, ఒక మనిషి పక్కన కూర్చుని ఓపిగ్గా చేయించే పెద్ద పరీక్షలో. ఇది హాల్లో అందరికీ ఒకేసారి పెట్టింది. దీనికి ఇంకా వెసులుబాటివ్వాలి."

"పెరిగేకొద్దీ మారదా అండీ?"

"చిన్నపిల్లల్లో మారుతుంది. కొందరికి బాగా మారుతుంది."

ఛాయ ముందుకి జరిగింది. ప్రశ్నలు ఒకదాని మీదొకటి వస్తున్నాయి. ఏది ముందు అడగాలో తెలియక రెండేసి కలిపి అడుగుతోంది. ఇది దేన్ని కొలుస్తుంది? దేన్ని కొలవదు? మొండిగా కూర్చుని నేర్చుకునే గుణం ఇందులో ఉందా? తల్లి పోలికేనా? సనోబర్ కూడా ముందుకి జరిగింది.

"కొన్ని రకాల పనుల్లో ఆలోచన ఆ పూట ఎలా సాగిందో కొలుస్తుంది. చదువులో ఎవరికి సాయం కావాలో పట్టుకోడానికి పనికొస్తుంది, మంచి పరికరమే. మొండితనం ఇందులో లేదు. మంచితనం లేదు. ఇక పోలికంటారా, తల్లి నుంచీ వస్తుంది, తండ్రి నుంచీ వస్తుంది, ఇంటి నుంచీ వస్తుంది. ఒక పిల్లని ముందు పెట్టుకుని ఇది నీ వాటా, అది నీ వాటా అని ఎవరూ విడదీయలేరు." సర్టిఫికెట్టు ఛాయ వైపు తిప్పింది. "ఇప్పుడిది చూడండి. పెద్ద అంకె కింద నాలుగు చిన్న అంకెలున్నాయి. మాటలు, బొమ్మల చిక్కులు, గుర్తుపెట్టుకోవడం, వేగం. నాలుగూ ఒకలా లేవు. బొమ్మల్లో పైకి పోయింది. వేగంలో కిందికి జారింది. మీరేమనుకుంటున్నారు?"

మీరేమనుకుంటున్నారు. ఛాయ జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఒక క్షణం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఆమెని అందరూ అడిగే ప్రశ్నలున్నాయి. కూర ఏంటి? ఇస్త్రీ అయిందా? తాళాలెక్కడ పెట్టావ్? చెప్పింది అర్థమైందా? ఇది ఆ వరసలోది కాదు. దీనికి ఆమె ఆలోచించి బదులు చెప్పాలి, ఎదుటి మనిషి వినడానికి కూర్చుని ఉంది.

"తాత చెప్పులూ మనవరాలి చెప్పులూ కలిపి సగం సైజు చేస్తే, ఆ జత ఇద్దరికీ పట్టదు కదండీ," అంది. "తొంభై ఆరు అలాంటిదేమో."

"అలాంటిదే!" అని సనోబర్ బల్ల మీద చరిచింది. మూలన బొమ్మల డబ్బా తిరగేస్తున్న అక్షయ ఉలిక్కిపడి చూసింది. "రా అక్షయా. నీతో కాస్త పనుంది. పరీక్ష కాదు, ఆట."

ఎరుపూ తెలుపూ చెక్క ఘనాలు. కార్డు మీద బొమ్మ చూసి అలాగే పేర్చాలి. అక్షయ చకచకా పేర్చింది. ఛాయకి ఇంకా కార్డు అర్థం కాకముందే అయిపోయింది. కానీ పిల్ల 'అయింది' అనలేదు. కార్డు చూసింది, ఘనాలు చూసింది. మళ్ళీ కార్డు చూసింది. ఒక్కో ఘనం మీద వేలు పెట్టి లోపల ఏదో అనుకుంది. అప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండో కార్డుకీ అంతే. మూడోదానికీ అంతే.

"ముందే సరిగ్గా పెట్టావుగా నాన్నా. మళ్ళీ ఎందుకు చూశావు?" అంది సనోబర్.

"తప్పుంటే తిడతారుగా."

"ఎవర్ని? నిన్నా?"

"నన్ను కాదు," అంది అక్షయ, ఇది కూడా తెలీదా అన్నట్టు. "అమ్మని."

సనోబర్ చేతిలో కార్డు బల్ల మీద బోర్లించింది.

"అమ్మ కూడా అంతే ఆంటీ. కూరలో ఉప్పు చూసి, మళ్ళీ చూసిద్ది. గ్యాసు కట్టేసి, వచ్చి పడుకుని, మళ్ళీ లేచెళ్ళి చూసిద్ది. నాన్న చొక్కా బొత్తాలు ఇట్టా లాగి లాగి చూసిద్ది." పిల్ల తన గౌను బొత్తాం లాగి చూపించింది. "అప్పుడు తప్పు రాదు."

ఛాయ కిటికీ వైపు చూసింది. కింద ఆటో వెనక్కి తిప్పుతున్నారు. నీ దగ్గరుంటే నీలాగే తయారవుద్ది. ఆ మాట పొద్దుటి నుంచీ గొంతులో ముల్లులా ఉంది. అబద్ధమని రుజువు చేయడానికే బస్సెక్కింది. ఇప్పుడు ముల్లు దిగింది, ఇంకా లోపలికి. నిజమే, తయారయింది. ఎవరూ నేర్పలేదు. 'ఉప్పు తక్కువైందేంటి, మా అమ్మ వంటలో ఒక్కరోజు తక్కువయ్యేదా', 'బొత్తాం ఊడిందేంటి, ఇంట్లో ఉండి చేసేదేంటి' - ఆ మాటలన్నీ పిల్ల చెవిన పడుతూనే ఉన్నాయి. వాటికి అమ్మ మొహం ఎలా అవుతుందో పిల్ల కనిపెట్టి చూసింది. చూసి, తనకి చేతనైనంతలో, హాలు నిండా పిల్లలు ట్యాబుల మీద పరుగులు పెడుతుంటే, అమ్మకి తిట్లు పడకుండా ఒక్కో జవాబూ రెండుసార్లు చూసుకుంది.

అది మందబుద్ధా? ఛాయకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ వాటితోపాటే, ఎందుకో, నవ్వూ వచ్చింది. ఎంత పని చేసిందీ పిల్ల! దానికి ఎనిమిదేళ్ళు!

"ఒక్క పూట చూసి నేను తేల్చి చెప్పకూడదు," అంది సనోబర్ మెల్లగా. "వేగం తగ్గడానికి వేరే కారణాలూ ఉంటాయి. కళ్ళు చూపించండి. వచ్చే ఏడు కావాలంటే పెద్ద పరీక్ష చేద్దాం. కానీ పిల్ల చెప్పింది మీరూ విన్నారు."

"విన్నానండి. హాస్టల్లో వేస్తే ఈ అంకె పెరుగుద్దని మా వారు..."

"ఈ కాగితంలో ఇల్లు మార్చమని ఎక్కడా లేదు," అంది సనోబర్. "పిల్ల మీద ఏదైనా నిర్ణయం తీసుకోడానికి ఇది చాలదు."

* * *

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. అక్షయ జాంకాయ కొరుకుతోంది. కంకిపాడు దాటాక రోడ్డు పక్కన ధాన్యం మొదలయింది, కుప్ప వెనక కుప్ప. ఛాయకి ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదు. చూడు, అదిగో నడిమి ఎత్తు, అదిగో అంచు! పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కుప్పలే. కూచిపూడి పక్క పుట్టింటి ఊళ్ళో వాటి మీద దొర్లి దెబ్బలు తిన్నది తనే. వాటిలో ఇంత అర్థం ఉందని ఎవరైనా చెబితేగా? బస్సులో మనుషుల్ని చూసింది. కండక్టరు, చంటిపిల్లతో ఉన్న ఆమె, ఫోన్లో అరుస్తున్న ఆసామి, అందరూ ఆ చిక్కటి చోటే ఉంటారు. తనూ ఉంటుంది. కిరీటీ ఉంటాడు. మామగారూ ఉంటారు, ఎంత నోటితో వడ్డీలు కట్టినా. ఆ ఆలోచనకి పైకే నవ్వేసింది.

"ఏంటమ్మా?" అంది అక్షయ.

"నీకు ఒక విషయం చెప్పనా? వేలు పెట్టు ఇక్కడ," అని బస్సు అద్దం మీద ఆవిరి ఊది, కుప్ప గీసింది. ఉయ్యూరు దాకా తల్లీ కూతుళ్ళు ఊదుతూ, గీస్తూ, చెరుపుతూ ఉన్నారు. మధ్యలో ఫోను మోగింది. కిరీటి. ఛాయ తెర చూసి, ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. మళ్ళీ తిప్పి చూడలేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. కిరీటి వరండాలోనే ఉన్నాడు.

"షాపు మూసెయ్యాల్సొచ్చింది. ఫోనెత్తవు. పన్నుకి ఇంతసేపా?"

"పన్ను కాదండీ." ఛాయ చెప్పులు విడిచి లోపలికి నడిచింది. వెనకే అతనూ వచ్చాడు. "ఐక్యూ సంగతి కనుక్కోడానికెళ్ళా. మావయ్యగారూ, మీరూ వినండి."

చెప్పింది. కుప్ప గురించి, నడిమి ఎత్తు గురించి, రేపు పెడితే ఇంకో అంకె రావడం గురించి. తడబడకుండా చెప్పింది. మాటలు తరుముకొస్తుంటే మొహం వెలిగిపోతోంది. మామగారు పేపరు దించి చూస్తున్నాడు, ఈ పిల్ల ఎవరన్నట్టు.

"మిషను పెట్టి పరీక్ష చేసినాక మళ్ళీ మారేదేంటి," అన్నాడాయన. "వచ్చింది వచ్చిందే."

"మొన్న కొనుగోలు కేంద్రంలో మన ధాన్యానికి తేమ పందొమ్మిది చూపిస్తే ఏం చేశారు మావయ్యగారూ?"

"ఏం చేస్తా? ఒప్పుకుంటానా? పొద్దున్నే పై గింజ తీసి చూస్తే మంచు తేమ చూపిద్ది, బస్తా నడుమ నుంచి తియ్యరా అన్నా. తీశాడు. ఎండెక్కినాక ఇంకో బస్తాలోంచి తియ్యమన్నా. తీశాడు. పదిహేడుకొచ్చింది, వాళ్ళు కొనే తేమకి. ఒక్కసారి చూసి రాసుకుంటే కుదరదని వాడి మొహానే..." ఆయన ఆగాడు. పేపరు మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"ధాన్యం, పిల్లా ఒకటేనా?" అన్నాడు కిరీటి.

"కాదండీ. ధాన్యం కోసం పోట్లాడాం. పిల్ల కోసం ఎవరం పోట్లాడలేదు." ఛాయ గొంతు తగ్గింది. "ఇంకోటి. నా దగ్గరుంటే నాలాగే అవుద్దన్నారు. అయిందండీ. ఆ పరీక్షలో అది నెమ్మది కాదు. ప్రతి జవాబూ రెండుసార్లు చూసుకుంది. ఎందుకంటే తప్పొస్తే ఇంట్లో అమ్మని తిడతారంట."

కిరీటి అక్షయ వైపు చూశాడు. పిల్ల నాన్న వైపు కాదు, అమ్మ మొహం వైపు చూసింది. అతను అది చూశాడు.

"అది హాస్టలుకి వెళ్ళదు," అంది ఛాయ. "రేపు మీరు ఫోన్ చేసి చెప్పండి. మీకు మొహమాటమైతే నేను చెబుతా. ఇకమీదట ఆ అంకె ఈ ఇంట్లో ఎవరూ దాని ముందు అనకండి, మంచికీ, చెడుకీ."

వంటింటి గుమ్మంలోంచి రావమ్మ గొంతు వినపడింది. చెయ్యి తుడుచుకుంటూ నిలబడి ఉంది, ఎప్పటి నుంచో.

"అమ్మాయ్, నన్ను కొలిస్తే ఎంతొచ్చిద్దే?"

"నీకెందుకే ఇప్పుడది," అన్నాడు వెంకటసుబ్బారావు.

"అడుగుతున్నా. రెండో క్లాసులో మొద్దని మానిపించారు. ఎవరూ ఏమీ పెట్టి కొలవలేదు. ఊరికే అనేశారు." ఆమె మాట మామూలుగానే ఉంది. "అప్పట్నుంచీ అదే నిజమనుకుంటున్నా."

ఛాయ వెళ్ళి అత్తగారి చేతిలోంచి తువ్వాలు తీసుకుంది.

డైనింగ్ టేబులుకి ఆరు కుర్చీలు. వాటిలో రెండింటి మీద ఎప్పుడూ ఉతికి మడిచిన బట్టలుంటాయి. ఛాయ ఆ బట్టలు రెండు చేతులా ఎత్తి మంచం మీద పడేసింది. ఐదు కంచాలు పెట్టింది. అన్నం, దోసకాయ పప్పు, వంకాయ కూర, అన్నీ తెచ్చి నడుమ పెట్టింది. ఉప్పు చూడలేదు. అత్తగారి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. పక్క కుర్చీలో తను కూర్చుంది.

ఎవరికి వారు వడ్డించుకున్నారు. కొంత అన్నం టేబులు మీద పడింది. కిరీటి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనబోయి, మింగేశాడు. రావమ్మ భర్త తినకముందే ముద్ద ఎలా ఎత్తాలో తెలియనట్టు కాసేపు కంచంలో వేళ్ళు ఆడించి, తర్వాత తినడం మొదలుపెట్టింది. అక్షయ నెమ్మదిగా, కూర అంతా ఒక పక్కకి తోసుకుని, తనకిష్టమైనట్టు తింటోంది.

పెరుగు వంటింట్లోనే ఉండిపోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఛాయ లేవలేదు. రావమ్మ సగం లేచి, కోడలి మోకాలు తగిలి, కూర్చుండిపోయింది. అప్పుడు వెంకటసుబ్బారావు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. లోపల ఒక మూత కింద పడింది. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు. ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. చాలాసేపటికి ఎడం చేత్తో పెరుగు గిన్నె పట్టుకుని వచ్చి, ముందు మనవరాలి కంచం పక్కన పెట్టాడు.

ఐదుగురూ పెరుగన్నం కలుపుకున్నారు.